గొంగడి లోపల, ఎల్లన్న బయట

తిరిగొచ్చిన దగ్గర్నుంచి హన్మకొండలో ఎవరు కలిసినా ఒకటే అడుగుతున్నారు. "జనం మస్తుగ వచ్చిండ్రా మేడం?" వచ్చారు. జనగామలో వచ్చారు, మానుకోటలో వచ్చారు, భూపాలపల్లిలోనైతే రోడ్డు పట్టనంత మంది వచ్చారు. జనం సంగతి పేపర్లు రాశాయి, మళ్లీ నేను రాయనక్కర్లేదు. పేపర్లు రాయనిది తలుపుల సంగతి. మూడు ఊళ్లలో మూడు బార్ల తలుపులు చూసి వచ్చాను. ఆడమనిషికి బార్ల గొడవ ఎందుకని ముక్కు విరిచేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు, నేనేమీ అనుకోను.

అవి సకల జనుల సమ్మె రోజులు. నేను తెలుగు పాఠం చెప్పే జూనియర్ కాలేజీకి తాళం పడింది. బస్సులు బంద్, బడులు బంద్, కోర్టులు బంద్, బొగ్గుబావులు బంద్. బార్లు మాత్రం షట్టరు సగం దించి హాయిగా నడుస్తున్నాయి. ఇంట్లో కూర్చోలేక, తెలంగాణ ఉద్యమ పాటలు పాడే ఒక ధూంధాం బృందంతో బయల్దేరాను. ఆటాపాటల మధ్య మైకు పట్టుకుని నాలుగు మాటలు చెప్పడం నా పని. పాడే పిల్లలు యూనివర్సిటీ వాళ్లు, గొంతులు మంచివే గానీ ఈ కథ వాళ్లది కాదు. ఎల్లన్నది.

ఎల్లన్న మా డప్పు మాస్టరు. జనగామ దగ్గరి పల్లె, మాదిగ కులం. యాభై దాటిన మనిషి. గోచీ పెట్టి, మెడలో డప్పు వేసుకుని, భుజాన నల్ల గొంగడితో స్టేజీ ఎక్కాడంటే ముందు వరుసలో పిల్లలు లేచి నిలబడేవాళ్లు. ఆ గొంగడి ఆయన తండ్రి కప్పుకున్నది. అంచులు అరిగినా ఉన్నిలో ఇంకా వెచ్చదనం ఉంది. చలికి కప్పుకుంటాడు, వాన పడితే తను తడిసి డప్పుకు కప్పుతాడు. తోలు తడిస్తే డప్పు మూగదైపోతుంది కదా.

డీసీఎం వ్యానులో ఎక్కి కూర్చోగానే ఆయన నాకు చెప్పిన మొదటి మాట సమ్మయ్య గురించి. సమ్మయ్య ఆయన తమ్ముడు, భూపాలపల్లిలో బొగ్గుబావిలో కాంట్రాక్టు కూలీ. మొదటి జీతం వచ్చిన రోజు తోటివాళ్లతో కలిసి అక్కడి పెద్ద బారుకు పోతే, ఏసీ హాల్లోకి రానివ్వకుండా వెనక షెడ్డుకు తోలారట. అప్పట్నుంచి ఫోను చేసినప్పుడల్లా నవ్వుతూనే ఆ మాట ఎత్తుతాడట.

"గిప్పుడు ఆ బారు ఓనరే ఆడ ఉద్యమ కమిటీకి అధ్యక్షుడు మేడం," అన్నాడు ఎల్లన్న. "మన మీటింగు పెట్టిచ్చేది గూడ ఆయననే. ఇగ బారు మనదే అయినట్టు గద. మీటింగయినంక సమ్మిగాన్ని ఏసీల కూసోబెట్టి బిర్యాని తినిపిస్త అని మాటిచ్చిన."

ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహం చూసి నేనూ నమ్మాను.

జనగామ

జనగామలో దిగగానే ఒక బండి దగ్గర మక్కగుడాలు, అంటే ఉడికించిన మొక్కజొన్న గింజలు, తిన్నాం. ఉల్లిగడ్డ, కారం చల్లి ఆకులో పెట్టిచ్చారు. మా హన్మకొండలో ఇవి ఇళ్లలో తప్ప బండ్ల మీద తక్కువ. చాయ్ ఐదు రూపాయలు. చక్కెర మాత్రం పది రూపాయలకు సరిపడా వేశాడు.

సభ మొదలయ్యే ముందు ఎల్లన్నకు మంట కావాలి. ఎండలోనో సెగలోనో కాచకపోతే డప్పు పలకదు. గడ్డి వెతుకుతుంటే పక్కనున్న బారు వెనక తలుపులోంచి వంటమనిషి పిలిచాడు. "తందూరి బట్టి మండుతనే ఉన్నది, రాయే కాకా." ఎల్లన్న లోపలికి పోయి, రొట్టెలు కాల్చే సెగ మీద డప్పు తిప్పి తిప్పి కాచుకొచ్చాడు. తందూరి వాసన పట్టిన డప్పును అందరికీ చూపించి నవ్వాడు. అంటే ఆ బారు వెనక తలుపు ఆయనకు ఏ అడ్డూ లేకుండా తెరుచుకుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఈ సభలన్నీ నడిపించే కన్వీనర్ సారు మాతో పాటే తిరుగుతున్నాడు, మా వ్యానులో కాదులెండి, సొంత కారులో. స్టేజీ ఎక్కబోతూ ఎల్లన్న భుజం మీద చెయ్యి వేశాడు. "ఎల్లయ్యా, జర నీ గొంగడియ్యి." ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా మీద గొంగడి కప్పుకుని మైకు అందుకున్నాడు. ఈ గొంగడే మన జెండా, ఈ గొంగడే మన ఆత్మగౌరవం అన్నాడు. ఈలలు, చప్పట్లు. ఎల్లన్న కూడా కొట్టాడు చప్పట్లు, తన గొంగడికి.

సభ అయ్యేసరికి సన్నగా తుంపర మొదలైంది. సారూ, ఊరి పెద్దలూ ఆ బారులోకే భోజనానికి వెళ్లారు. గొంగడి సారు భుజం మీదే వెళ్లింది. డప్పు తడుస్తోందని ఎల్లన్న గాభరా పడ్డాడు. ఇద్దరం కలిసి ముందు తలుపు దగ్గరికి పోయాం. నల్లద్దాల తలుపు, పక్కన స్టూలు, స్టూలు మీద యూనిఫాం వేసుకున్న కాపలా మనిషి. లోపలికి రానిచ్చే హక్కు యాజమాన్యానిదేనని ఇంగ్లీషులో బోర్డు.

"ధోతీలకు, గోచీలకు ఎంట్రీ లేదు," అన్నాడు కాపలా మనిషి.

"తాగనీకి రాలేదు బిడ్డా. నా గొంగడి కోసరం వచ్చిన."

"గొంగళ్లు గూడ లోపటికి రానియ్యం."

"నా గొంగడి లోపటనే ఉన్నది గదనయ్యా!"

కాపలా మనిషి బుర్ర గోక్కున్నాడు. అంతలో తలుపు తెరుచుకుని ఎవరో బయటికొచ్చారు. ఆ సందులోంచి స్పష్టంగా కనిపించింది. కుర్చీ వీపు మీద మా గొంగడి, కుర్చీలో సారు, సారు చేతిలో కోడి కాలు. నేను పోయి తెస్తానని అడుగు ముందుకు వేశాను.

"ఒంటరి లేడీస్‌కు లేదు మేడం. ఫ్యామిలీతోని వస్తే ఫ్యామిలీ హాల్ ఉన్నది."

లోపలికి కబురు పంపితే, సారు తినగానే ఇస్తాడని జవాబు వచ్చింది. చేసేదేం లేక స్టేజీ మీది ఫ్లెక్సీ విప్పి డప్పుకు చుట్టాం. ఫ్లెక్సీ మీద కన్వీనర్ సారు నిలువెత్తు ఫోటో ఉంది. ఆ రోజు సారు మాకు చేసిన సాయం అదొక్కటే.

గొంగడి చివరికి మసాలా మరకతో తిరిగొచ్చింది. ఎల్లన్న దాన్ని వాసన చూసి, మడిచి, పక్కన పెట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన మాత్రం నన్ను సముదాయించాడు. "ఈడ ఓనరు ఎవలో ఏమో మేడం. వాని మనుషులకు మనం ఎరుకలేదు. భూపాలపల్లిల గట్లుండదు. ఆడ ఉద్యమపోల్లే ఉంటరు."

మానుకోట

సర్కారు కాగితాల్లో మహబూబాబాద్, మనుషుల నోట్లో మానుకోట. ఇక్కడి కూరల్లో కారం మా ఇంటి కారానికి రెండింతలు. మా పిల్లలు కన్నీళ్లు పెట్టుకుంటూ పప్పు తిన్నారు, సభలో పాడినప్పుడు కూడా అంత ఏడవలేదు.

మానుకోటలో మాతో కమ్లి కలిసింది. గార్ల వైపు తండా పిల్ల, లంబాడా, ఇంటర్ చదివి ఆగిపోయింది. గొంతు ఎత్తిందంటే మైకు అక్కర్లేదు. మామూలుగా పంజాబీ డ్రెస్సు వేసుకుంటుంది. అయితే స్టేజీ మీద అద్దాల లంగా, గవ్వల కుట్టుడు రవిక, చేతి నిండా తెల్లగాజులు ఉండాలని కన్వీనర్ సారు పట్టుబట్టాడు. వాళ్ల నాయనమ్మవి అడిగి తెచ్చుకుంది. ఆ బరువుకు భుజాలు ఒరుసుకుపోయాయని నాకు చూపించింది.

సభ అయ్యాక ఆకలి. సమ్మె పుణ్యమా అని హోటళ్లన్నీ మూత. తెరిచి ఉన్నది ఒక బార్ అండ్ రెస్టారెంట్. "ఫ్యామిలీ హాల్ ఉన్నది" అని రాసి ఉంటే ఎల్లన్న, కమ్లి, నేను ముగ్గురం పోయాం. ఎల్లన్న బయటే ఉంటానన్నాడు. నేనే చెయ్యి పట్టి లాక్కుపోయాను.

తలుపు దగ్గర ఇక్కడా ఒక కాపలా మనిషి. నన్ను పైనుంచి కిందికి చూసి, "మీరు పోవచ్చు మేడం," అన్నాడు. ఎల్లన్న గోచీ చూసి తల అడ్డంగా ఊపాడు. కమ్లిని చూసి, "ఈమె డ్రెస్సు మార్చుకొని రావాలె. లోపట కస్టమర్లు డాన్సు ప్రోగ్రామనుకుంటరు," అన్నాడు.

కమ్లి మొహం ఎర్రబడింది. తన భాషలో గడగడా ఏదో అంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, అది తిట్టని తెలియడానికి భాష రానక్కర్లేదు. విచిత్రం ఏమిటంటే కాపలా మనిషికి అర్థమైంది. తల దించుకుని అదే భాషలో మెల్లగా జవాబిచ్చాడు. వాడూ తండా మనిషే.

"ఏమంటున్నాడు?" అని అడిగాను.

"ఆయన గూడ తలుపు బయటనే తింటడట అక్కా," అంది కమ్లి. "ఏడాదైందట కొలువుల చేరి. లోపట ఎట్లుంటదో తిని చూడలేదట."

ఆ తర్వాత వాడితో పోట్లాడ బుద్ధి పుట్టలేదు. వాడే వెనక నుంచి పోయి మూడు పొట్లాలు కట్టించుకొచ్చాడు. రైల్వే గేటు దగ్గర అరుగు మీద కూర్చుని తిన్నాం. సమ్మెకు రైళ్లు కూడా లేవు, పట్టాలు కుక్కలకు వదిలేశారు. తింటూ తింటూ ఎల్లన్న నన్ను అడిగాడు.

"మేడం, పాంటు తొడిగి బూట్లేసుకుంటె ఏ తలుపు కాడ గూడ ఆపరు గద?"

"పాంటుకేం పని ఎల్లన్నా, నీకు హక్కుంది," అన్నాను, క్లాసులో చెప్పినట్టే.

"హక్కు సంగతి వాల్లకు మీరు చెప్పుండ్రి. నేను సమ్మిగానికి మాటిచ్చిన."

పొద్దున్నే లేచి సంత బజారుకు పోయి నల్ల పాంటు, నల్ల బూట్లు కొనుక్కొచ్చాడు. బూట్లు ఒక సైజు పెద్దవి. ముందు కాగితం కుక్కుకున్నాడు. అవి వేసుకుని వ్యాను చుట్టూ ఒకసారి నడిచి చూపించాడు. కమ్లి పడీపడీ నవ్వి, "కాకా, తహసీల్దారు లెక్కున్నవే," అంది. ఆయనా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. తన సొంత తమ్ముడితో అన్నం తినడానికి ఒక మనిషి వేషం వేసుకోవాల్సి రావడం చూస్తే నవ్వెలా వస్తుంది?

గంగారం అడవిలో

గంగారం దారిలో అడవి మొదలవగానే గాలి మారింది. రోడ్డు పక్కన గంపల్లో సీతాఫలాలు. మా ఊళ్లో ఒక్కో పండుకు బేరమాడి చచ్చేదాన్ని. ఇక్కడ గంపంతా ఎత్తి వ్యానులో పోసి, ఇచ్చినంత తీసుకుంది ఒక అవ్వ. జై తెలంగాణ అని కూడా అంది, మేం అడగకుండానే.

కొంచెం ముందుకు పోతే ఈత వనం, కింద కల్లు పోస్తున్న మనిషి. ఆగుదామని అందరూ గోల చేశారు. తాటాకు మడిచి రేకలు చేసి తలా ఒకటి ఇచ్చాడు. అందరం నేల మీద వరుసగా గొంతుక్కూర్చున్నాం. నేనూ తాగాను. ఇందులో దాచేదేముంది, మా అమ్మమ్మ కూడా తాగేది.

ఎల్లన్న వంతు వచ్చినప్పుడు ఒకటి చూశాను. ఆయన రేకను దాదాపు నేలకు ఆనించి పట్టుకున్నాడు. మూతి పక్కకు తిప్పుకున్నాడు. పోసే ముంత రేకకు తగలకుండా, పైనుంచి పోసే చెయ్యికి వీలుగా. చిన్నప్పట్నుంచీ అలవాటైన కూర్చోవడం అది. కల్లు పోసే మనిషికి ఇదేమీ తెలియదు.

"గంత కింద పట్టినవేంది అన్నా? ఒలుకుతది. మీదికి పట్టు," అని, ఎల్లన్న మణికట్టు పట్టుకుని పైకి లేపి, ముంత అంచు రేకకు ఆనించి పోశాడు.

ఎల్లన్న తాగలేదు వెంటనే. రేక వంక చూస్తూ ఉండిపోయాడు. కాసేపటికి గటగటా తాగి, "ఇంకోటి పొయ్యి తమ్మీ," అన్నాడు. రెండోసారి ఆయనంతట ఆయనే చెయ్యి పైకెత్తి పట్టాడు. ఆ ఈత వనానికి తలుపు లేదు, స్టూలు లేదు, బోర్డు లేదు. ఇంతటి సుఖం ఈ యాత్రలో మళ్లీ దొరకలేదు.

భూపాలపల్లి

భూపాలపల్లిలో మామూలు రోజుల్లో బొగ్గు లారీల దుమ్ముకు ఇంటి ముందు బట్టలు ఆరేయరట. సమ్మె వల్ల బట్టలన్నీ తెల్లగా ఆరుతున్నాయి. ఇళ్లల్లో పొయ్యిలు మాత్రం సరిగా వెలగడం లేదు. నెల జీతం పోయిన ఇళ్ల ముందు ఆడవాళ్లు గునుగు పూలు, తంగేడు పూలు పోసుకుని బతుకమ్మ పేరుస్తున్నారు. మమ్మల్ని చూసి చేతులూపారు.

సమ్మయ్య మా కోసం స్టేజీ దగ్గరే కాచుకుని ఉన్నాడు. నలభై ఏళ్లుంటాయి. తలకు నూనె, ఇస్త్రీ చొక్కా. బావి దిగక ఎన్నో రోజులైనా గోళ్ల అంచుల్లో బొగ్గు నలుపు పోలేదు. అన్నను పాంటు, బూట్లలో చూసి నోరు తెరిచాడు.

"గిదేందే అన్నా, పెండ్లికొడుకు లెక్క!"

"నీతోని దావతుకు పోవాలె గద," అన్నాడు ఎల్లన్న.

అదే సమయానికి కన్వీనర్ సారు కారు దిగాడు. ఎల్లన్నను చూడగానే మొహం చిట్లించాడు. "ఏంది ఎల్లయ్యా ఈ అవతారం? డప్పు కొట్టెటోడు పాంటేసుకుంటడా? ఫోటోల ఏమన్న బాగుంటదా? పో, గోచీ పెట్టుకో. ఇటియ్యి గొంగడి."

స్టేజీ ఎక్కాలంటే గోచీ కావాలి. బారు మెట్లెక్కాలంటే పాంటు కావాలి. ఒక్క మనిషి ఒక్క సాయంత్రంలో రెండూ ఎట్లా కట్టుకుంటాడు? ఎల్లన్నకు దారి తోచింది. పాంటు మోకాళ్ల పైకి మడిచి, దాని మీద ధోతీ బిగించి గోచీ పెట్టుకున్నాడు. ఉబ్బెత్తుగా, నడవడానికి ఇబ్బందిగా ఉంది. అట్లాగే ఆడాడు. ఎట్లా ఆడాడని అడిగితే నేను చెప్పలేను. ముందు వరుసలో బావి కార్మికులు లేచి చిందేశారు. బారు ఓనరు, అదే కమిటీ అధ్యక్షుడు, లేచొచ్చి ఎల్లన్నను కౌగిలించుకున్నాడు. కెమెరాలు మెరిశాయి. "మా అన్న!" అన్నాడు మైకులో. సమ్మయ్య గర్వంగా నా వైపు చూశాడు.

ఆ కౌగిలి చూశాక నా మనసులో మిగిలిన అనుమానం కూడా పోయింది.

తలుపు కాడ

సభ ముగిసింది, ఇంకా వెలుతురు ఉంది, రోడ్డంతా జనమే. పెద్దలు ముందే లోపలికి వెళ్లిపోయారు. ఎల్లన్న వ్యాను చాటుకు పోయి ధోతీ విప్పి, పాంటు మడతలు దించుకుని, బూట్లు తొడుక్కుని వచ్చాడు. డప్పు సంకన పెట్టుకున్నాడు. సమ్మయ్య, నేను, కమ్లి వెంట నడిచాం.

కాపలా మనిషి బూట్లు చూశాడు, పాంటు చూశాడు, తలుపు పిడి మీద చెయ్యి కూడా వేశాడు. అంతలో మొహం వైపు చూసి ఆగిపోయాడు.

"నువ్వు స్టేజీ మీద డప్పు కొట్టినోనివి గద?"

"ఔను బిడ్డా, నేనే!" అన్నాడు ఎల్లన్న సంతోషంగా. గుర్తుపట్టాడనుకున్నాడు పాపం.

"మంచిగ కొట్టినవు కాకా. గని డప్పోల్లకు ఎనుక షెడ్డుల పెట్టిండ్రు. అన్నం, కూర అన్నీ ఆడనే ఉన్నయి. అటు నుంచి పోండ్రి."

"పాంటు తొడిగిన గదా."

కాపలా మనిషి ఇబ్బందిగా కదిలాడు. "పాంటు సంగతి గాదు కాకా. నాకెందుకు చెప్తవు, మా ఓనరు సారు చెప్పిండు. లోపట కూసున్నోల్లు ఏమన్న అనుకుంటరట."

ఎల్లన్న తమ్ముడి వైపు చూశాడు. సమ్మయ్య చటుక్కున నవ్వు తెచ్చుకుని, "పోనీ తియ్యే అన్నా, షెడ్డులనే తిందాం. నాకు అలవాటే," అన్నాడు. ఆ "అలవాటే" అన్న మాట ఎల్లన్నకు ఎక్కడో తగిలింది. నాకు తిట్టాలని, అద్దం పగలగొట్టాలని ఉంది. ఇన్నాళ్లు మైకులో మాట్లాడినదాన్ని, అక్కడ నిలబడి కళ్లనీళ్లు తుడుచుకున్నాను.

ఎల్లన్న మెట్లు దిగి రోడ్డు మధ్యకు పోయాడు. డప్పు మెడలో వేసుకున్నాడు. స్టేజీ మీద కొట్టిన దెబ్బ కాదది. పల్లెల్లో చాటింపు వేసే దెబ్బ. ఇప్పటికీ మా ఇంటి పక్కన ఎవరైనా ఆ దెబ్బ వేస్తే చేతిలో పని వదిలి గుమ్మంలోకి వస్తాం. సర్కారు మాటో, పంచాయతీ మాటో ఊరికి వినిపించే దెబ్బ. రోడ్డు మీది జనం ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు.

"ఇనుండ్రయ్యా ఇనుండ్రి! భూపాలపల్లి అన్నలు, అక్కలు అందరు ఇనుండ్రి! బారు సారు చెప్తున్నడు! సభల డప్పు కొట్టినోల్లు ముంగటి తలుపు తొక్కద్దట! ఎనుక షెడ్డుకు పోవాలెనట! పాంటేసుకున్నా పోవద్దట, బూట్లేసుకున్నా పోవద్దట! గొంగడి కప్పుకున్న సార్లు పోవచ్చునట, గొంగడి గలోడు పోవద్దట! ఎరుకలేక ఎవలన్న తలుపు కాడికొచ్చి పరేషాన్ కావద్దట! ఇనుండ్రయ్యా ఇనుండ్రి!"

మళ్లీ దెబ్బ వేసి, నాలుగడుగులు నడిచి, మళ్లీ అదే చెప్పాడు. కోపంగా కాదు. పన్ను కట్టమనో, పశువులను కట్టేసుకోమనో చాటేటప్పుడు ఎట్లా చెబుతారో అట్లాగే, తన సొంత మాట కానట్టే. కార్మికులు గుమిగూడారు. ఎవరో ఈల వేశారు. ఎవరో "సిగ్గు సిగ్గు" అన్నారు. నల్లద్దాల తలుపు ధడాలున తెరుచుకుని ఓనరు బయటికి పరుగెత్తుకొచ్చాడు, వెనకే మూతి తుడుచుకుంటూ కన్వీనర్ సారు.

"ఎవడు చెప్పిండు నీకు గిట్ల చాటమని? నేను చెప్పిన్నా?" అని అరిచాడు ఓనరు.

"మీ తలుపు కాడి మనిషి చెప్పిండు సార్, మీ మాటనే అని," అన్నాడు ఎల్లన్న. "చెప్పింది మంచిదే. గని నాకొక్కనికే చెప్తె ఊరికెట్ల ఎరుకైతది? ఊరికి ఎరుక చేసుడు మా పని గద. తాతల కాడికెంచి ఎవలేం చెప్పమన్నా చెప్పినం. నా సొంతం ఏం కలపలే. కలిపిన్నా మేడం?"

"లేదు," అన్నాను. ఈసారి మైకులో మాట్లాడినంత గట్టిగా.

కన్వీనర్ సారు ఓనరు చెవిలో ఏదో అన్నాడు. ఓనరు జనం వైపు చూశాడు, రోడ్డు చివరున్న కెమెరాల వైపు చూశాడు. మొహం మీదికి నవ్వు తెచ్చుకున్నాడు. "అరే, వాడు కొత్తోడు, వానికి తెల్వది. నువ్వు మా అన్నవు ఎల్లన్నా! రాండ్రి, రాండ్రి, లోపటికి రాండ్రి!" కాపలా మనిషి తలుపు బార్లా తెరిచి పట్టుకున్నాడు. తిట్లన్నీ తన ఖాతాలో పడ్డాయని వాడి మొహం చూస్తే తెలుస్తోంది.

ఎల్లన్న డప్పు మెడలో ఉంచుకునే తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి లోపలికి నడిపించాడు.

ఏసీ హాల్

లోపల చల్లగా, మసకగా ఉంది. గోడకు ఎర్ర లైట్లు. మధ్య బల్ల దగ్గర కూర్చున్నాం. ఒక కుర్రాడు వచ్చి నన్ను చూసి, "ఫ్యామిలీయా మేడం?" అని అడిగాడు.

"అవును, ఫ్యామిలీనే," అన్నాను.

ముందు మా పక్క బల్ల వాళ్లు లేచారు. ఏదో పనున్నట్టు ఫోను చూసుకుంటూ వెళ్లారు. తర్వాత గోడ వారగా ఉన్నవాళ్లు. సగం తిన్న పళ్లేలు అట్లాగే వదిలి, ఒకరి తర్వాత ఒకరు, మా వైపు చూడకుండా. అంతకుముందే స్టేజీ ముందు చప్పట్లు కొట్టిన మొహాలు అందులో నాలుగైదు నేను గుర్తుపట్టాను. కన్వీనర్ సారు బయట జనాన్ని సముదాయిస్తూ అటునుంచటే కారెక్కాడు. కొద్దిసేపట్లో హాలంతా ఖాళీ. మేం నలుగురం, ఏసీ చప్పుడు.

మిగతా బల్లల మీద గాజు గ్లాసులు ఉన్నాయి. మాకు నీళ్లు ప్లాస్టిక్ గ్లాసుల్లో వచ్చాయి. వాడి పారేసేవి. బిర్యానీ కాగితపు పళ్లేల్లో వచ్చింది. కమ్లి నోరు తెరవబోతే ఎల్లన్న కళ్లతోనే వద్దన్నాడు. సమ్మయ్య ఇవేవీ చూడలేదో, చూసీ చూడనట్టున్నాడో నాకు తెలియదు. హాలు పైకప్పు నుంచి నేల దాకా మెల్లగా చూసుకున్నాడు, చేతులు రుద్దుకున్నాడు.

"మస్తు సల్లగుందే అన్నా."

కన్వీనర్ సారు కూర్చున్న కుర్చీ మీద గొంగడి అట్లాగే పడి ఉంది. మర్చిపోయి పోయాడు. సభ అయిపోయింది కదా, ఇక దానితో ఏం పని? ఎల్లన్న లేచి పోయి తెచ్చాడు. ఒకసారి దులిపి తమ్ముడి భుజాల మీద కప్పాడు.

సమ్మయ్య గొంగడి దగ్గరికి లాక్కుని, ముద్ద కలుపుతూ తలుపు వైపు చూశాడు.

"అన్నా, మీరు పొద్దుగాల పోతరు గద. మల్ల నేనొక్కన్నే వస్తె రానిస్తరంటవా?"

ఎల్లన్న ఒళ్లో ఉన్న డప్పు మీద చెయ్యి పెట్టాడు. ఆ చల్లదనానికి తోలు అప్పటికే బిగి తప్పింది.

"తిను తమ్మీ," అన్నాడు. "సల్లారిపోతది."